సొంత నెట్‌వర్కు లెక్క తీసుకోవడం హ్యాకింగ్ కాదు

సంపాదకులకు నమస్కారం.

నేను కర్నూలు బుధవారపేటలో ఉంటాను. ఇరవై నాలుగేళ్లుగా ఈ ఊళ్లోనూ, ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల వైపూ కంపెనీలకు కంప్యూటర్ నెట్‌వర్కులు వేసి, వాటి మెయింటెనెన్స్ చూసుకుంటున్నాను. నూనె మిల్లులు, విత్తనాల గోడౌన్లు, రెండు నర్సింగ్ హోములు, ఒక చిట్‌ఫండ్ ఆఫీసు నా చేతిలో ఉన్నాయి. బిల్లు మీద నెట్‌వర్క్ ఇంజనీర్ అని ఉంటుంది కానీ పిలిచేటప్పుడు అందరికీ నేను కేబులాయననే. టీవీ రావడం లేదని ఫోన్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పోయిన నెలలో ఒక ఆదివారం జరిగిన సంగతి వల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను. పదకొండేళ్లుగా నేను వెళ్తున్న ఒక ఆఫీసులో, ఎవరూ లేని టైం చూసి, ల్యాప్‌టాప్ పెట్టుకుని నెట్‌వర్క్ స్కాన్ చేస్తున్నాను. యజమాని అల్లుడు బెంగళూరు నుంచి వచ్చి ఉన్నాడు. నా వెనక నిలబడి, నల్లటి స్క్రీన్ మీద గబగబా దిగుతున్న తెల్లటి అక్షరాలు చూసి, "మామా, ఇది హ్యాకర్లు వాడే సాఫ్ట్‌వేర్" అన్నాడు. పెద్దాయన మంచి మనిషి. కోప్పడలేదు. టీ తెప్పించి, "ఇప్పటికి మూసేయ్ సామీ, నిదానంగా చూద్దాం" అన్నాడు. టీ తాగి వచ్చేశాను. పదకొండేళ్లుగా ఆ ఆఫీసు తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉంటుంది. అయినా ఆ పూట గేటు దాటేటప్పుడు వాచ్‌మన్ నా సంచి వైపు చూసిన చూపు వేరేగా అనిపించింది.

అల్లుడుగారిని తప్పుపట్టను. ఆయన అనుమానానికి పునాది లేకపోలేదు. నేను వాడుతున్నది ఎన్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. గోర్డన్ లయన్ అనే ప్రోగ్రామర్ ఫ్యోడర్ అనే మారుపేరుతో 1997 సెప్టెంబరులో దాన్ని బయటపెట్టాడు. మొదట వచ్చింది ఫ్రాక్ అనే ఇంటర్నెట్ పత్రికలో. అది నిజంగానే హ్యాకర్ల పత్రిక. కాకపోతే ఈ రోజు బ్యాంకుల్లో, టెలికాం కంపెనీల్లో నెట్‌వర్కులు చూసుకునేవాళ్లు పొద్దున లేస్తే తెరిచేది కూడా అదే. కొడవలి కోతకూ పనికొస్తుంది, కొట్లాటకూ పనికొస్తుంది. అలాగని కొడవలి పట్టుకున్న ప్రతివాణ్నీ స్టేషన్‌కు తీసుకుపోరు కదా.

స్కాన్ అంటే ఏం చేస్తుందో తెలియకపోవడమే అసలు చిక్కు. జనాభా లెక్కలకు మన టీచర్లు వీధిలోకి వస్తారు చూడండి, సరిగ్గా అదే పని. ఆఫీసు కంప్యూటర్లకు ఇచ్చే అడ్రసులు చాలాచోట్ల 192.168.1.1 నుంచి 192.168.1.254 వరకు ఉంటాయి. 254 ఇళ్ల వీధి అనుకోండి. స్కానర్ ముందు ఏ ఇంట్లో మనుషులున్నారో చూస్తుంది. పలికిన ప్రతి ఇంటికీ ఏ తలుపులు తెరిచి ఉన్నాయో చూస్తుంది. ఈ తలుపుల్నే పోర్టులంటాం. ఒక్కో యంత్రానికి 65,535 దాకా ఉండొచ్చు. ఎన్‌మ్యాప్ మామూలుగా అందరూ ఎక్కువగా వాడే వెయ్యి మాత్రమే తడుతుంది. తలుపు తెరిచి ఉంటే లోపల ఎవరు కూర్చున్నారని అడిగి, ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ అన్నది రాసుకుంటుంది. కొన్ని ఇళ్ల ముందు ఫైర్‌వాల్ అనే కుక్క ఉంటుంది. అక్కడ అవుననీ రాదు, కాదనీ రాదు, "ఫిల్టర్డ్" అని రాసుకుని ముందుకు పోతుంది. ఇంతే. లోపలికి దూరదు, బీరువా తెరవదు.

ఒకటి మాత్రం ముచ్చటగా ఉంటుంది. విండోస్ కంప్యూటర్లు చాలావరకు పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని నెట్‌వర్కులో పిలిస్తే, పలకవు. అయినా అదే నెట్‌వర్కులో ఉన్నప్పుడు ఏఆర్‌పీ అనే పలకరింపు ఒకటుంది, దానికి బదులివ్వకుండా ఏ యంత్రమూ ఆ తీగ మీద బతకలేదు. కాబట్టి బయటివాడికి కనపడకుండా దాక్కున్నది కూడా లోపలి నుంచి చూసేవాడికి కనపడుతుంది. సొంతవాళ్లే లెక్క తీయాలి అని నేను మొత్తుకునేది ఇందుకే.

ఇక మన దగ్గర పరిస్థితి చెప్తాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు కింది అంతస్తుల్లో ఉన్న కంప్యూటర్లన్నీ బురదలో కలిసిపోయాయి. మర్చిపోయినవాళ్లు ఎవరూ ఉండరు. నీళ్లు తీశాక ఒక్కో కంపెనీవాడు వచ్చి "పది రోజుల్లో బిల్లింగ్ మొదలుకావాలప్పా" అంటే, పగలూ రాత్రీ వైర్లు లాగాం. ఎక్కడ సందు దొరికితే అక్కడ, ఫాల్స్ సీలింగ్ మీద, కిటికీ చువ్వల్లోంచి, ఏసీ పైపు వెంట. కాగితం మీద గీసుకునే తీరిక ఎవరికుంది? నేను కూడా గీయలేదు. ఆ తర్వాత ఆఫీసులు పెరిగాయి, కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెలు ఒకదానికొకటి తగిలించారు, కెమెరాలవాడు వచ్చి తన వైరు తాను లాక్కున్నాడు, వేలిముద్రల హాజరు మిషన్‌వాడు వచ్చి ఇంకొకటి. ఇవాళ మా ఊళ్లో ఏ పాత ఆఫీసుకు వెళ్లినా ఏ వైరు ఎక్కడికి పోతోందో చెప్పగలిగిన మనిషి లేడు. గోడౌన్‌లో ఒక్క బస్తా తేడా వస్తే రాత్రి పదింటి దాకా స్టాకు రిజిస్టరు తిరగేసే సేట్లు, తమ నెట్‌వర్కులో ఎన్ని యంత్రాలున్నాయో అడిగితే గాల్లోకి చూస్తారు.

ఎమ్మిగనూరు వైపు ఒక నూనె మిల్లులో మొదటిసారి స్కాన్ చేసినప్పటి సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది. యజమానిని ముందే అడిగాను, మొత్తం ఎన్ని ఉన్నాయని. అకౌంటెంట్‌ను పిలిచి లెక్కపెట్టించి 38 అన్నాడు. స్కాన్‌లో 61 వచ్చాయి.

మిగతా 23 ఏమిటి? పదకొండు సెల్‌ఫోన్లు. హమాలీ మేస్త్రీ ఫోన్ కూడా ఆఫీసు వైఫైలోనే ఉంది. మూడు ప్రింటర్లు. మూడు వైఫై రౌటర్లు, వాటిలో ఒకటి అకౌంట్స్ గదిలో టేబుల్ కింద, ఒక గుమాస్తా తన ఫోన్‌కు సిగ్నల్ సరిపోవడం లేదని సొంత డబ్బుతో కొని తగిలించుకున్నది. దానికి పాస్‌వర్డ్ లేదు. హాజరు మిషన్ ఒకటి. యజమాని గదిలో టీవీ ఒకటి. లారీల కాటా ఒకటి; "అది కంప్యూటర్ కాదు గదా సార్, కాటా" అన్నాడు అకౌంటెంట్. కెమెరాల వీడియో దాచిపెట్టే డీవీఆర్ పెట్టెలు రెండు. ఇంకొకటి ఏమిటో ఇప్పటికీ తెలియదు, రాత్రిపూట మాత్రమే కాసేపు పలుకుతుంది.

ఆ రెండు డీవీఆర్ల దగ్గర ఆగాలి. యజమానికి తెలిసింది ఒక్కటే, తన కుర్చీ వెనక బీరువాలో ఉన్నది. రెండోది 192.168.1.147 అడ్రసులో కూర్చుని ఉంది. 80, 554 పోర్టులు తెరిచి ఉన్నాయి. 80 అంటే వెబ్ పేజీ చూపించే తలుపు, 554 అంటే వీడియో పంపే తలుపు. వాటితో పాటు 23 కూడా తెరిచి ఉంది. 23 అంటే టెల్‌నెట్, అంటే దూరం నుంచి యంత్రంలోకి లాగిన్ అయ్యే పాతకాలపు దారి. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా కెమెరాలూ డీవీఆర్లూ లక్షల్లో పట్టుకుని సైన్యం చేసుకుంది ఈ తలుపులోంచే. దానికి పెద్ద తెలివితేటలు ఏమీ అక్కరలేకపోయింది. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను జనం మార్చరని తెలిస్తే చాలు.

యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని బ్రౌజర్‌లో ఆ అడ్రసు కొట్టాను. లాగిన్ పేజీ వచ్చింది. అడ్మిన్ అని కొట్టి, ఇలాంటి వాటికి మామూలుగా వచ్చే పాస్‌వర్డ్ ఒకటి కొట్టాను. రెండోసారికే తెరుచుకుంది. నాలుగు గళ్లలో మూడు నల్లగా ఉన్నాయి. నాలుగో గడిలో ఒక బట్టతల కనిపించింది. కాసేపు ఇద్దరం అలాగే చూశాం. ఆ తల నాదే. పక్కన యజమాని, ముందు క్యాష్ కౌంటర్, కౌంటర్ మీద కట్టలు. తలెత్తి చూస్తే ఫ్యాన్ పక్కన దుమ్ము పట్టిన కెమెరా ఒకటి. పాడైపోయిందని అందరూ వదిలేసింది.

డీవీఆర్ కోసం గంటన్నర వెతికాం. ఒకరు బ్రౌజర్ చూస్తూ ఉంటే, నేను స్విచ్ దగ్గర వైర్లు ఒక్కొక్కటి పీకుతూ "పోయిందా?" "లేదు సార్" అనుకుంటూ పద్నాలుగో వైరు దగ్గర "పోయె సార్!" అని కేక వినపడింది. ఆ వైరు పట్టుకుని పోతే పాత ఖాతా పుస్తకాలు పడేసిన అటక మీద తేలాం. డబ్బా మీద దుమ్ము వేలెడు మందం, చిన్న ఫ్యాన్ గుర్రుమంటూ తిరుగుతోంది, పక్కన బల్లి గుడ్లు. ఏడేళ్ల కిందట వేరే కెమెరాలవాడు పెట్టిపోయినది. ఫోన్‌లో చూసుకోవడానికని రౌటర్‌లో దానికి బయటి నుంచి దారి కూడా ఇచ్చిపోయాడు. తర్వాత కొత్త కెమెరాలు వచ్చాయి, ఆ దారి మూసినవాడు లేడు. అంటే ఆ అడ్రసు దొరికినవాడెవడైనా, అది కర్నూలు కానీ కజకిస్తాన్ కానీ, ఆయన కౌంటర్‌లో నోట్లు లెక్కపెట్టుకోవడం చూస్తూ కూర్చోవచ్చు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగింది ఒకటే మాట: "మా ఇంట్లో గూడా చూస్తావా సామీ?"

ఇన్ని చెప్తున్నాను కాబట్టి నా తప్పు కూడా చెప్పాలి. స్కానర్ చేతికొచ్చిన కొత్తలో, బుడ్డల (వేరుశనగ) సీజన్‌లో, పనిరోజు పదకొండు గంటలకు, అన్ని పోర్టులూ పూర్తి వేగంతో చూడమని కొట్టాను. ఏదీ వదలకూడదని అత్యాశ. మొదట ప్రింటర్ మొదలుపెట్టింది. 9100 పోర్టుకు ఏది పంపినా కొన్ని ప్రింటర్లు అది అచ్చేయమన్నారనుకుంటాయి. ఎన్‌మ్యాప్ తయారుచేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు కాబట్టి, వెర్షన్ కనుక్కునేటప్పుడు ఆ పోర్టును మామూలుగా వదిలేస్తుంది. నేను వదలొద్దని ఆప్షన్ పెట్టాను. అర్థంకాని గుర్తులతో కాగితాలు ఒకటే రావడం. ఆ నవ్వులు ఆగకముందే కాటా గదిలోంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు, "ఏం జేసినావప్పా, కాటా నిలబడిపోయె!" అని. తూకం అంకెలను నెట్‌వర్కులోకి పంపే చిన్న పెట్టె ఒకటుంటుంది. పాతది. అన్ని తలుపులూ ఒక్కసారి తట్టేసరికి తట్టుకోలేక ఆగిపోయింది. గేటు బయట ఎనిమిది లారీలు. డ్రైవర్లు నన్ను ఏమన్నారో పత్రికకు రాయలేను. ఆ రోజు నుంచి ఆదివారం పొద్దునే, నిదానం వేగంతో, కాటా, హాజరు మిషన్ లాంటివి పక్కన పెట్టి చేస్తాను. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే కంట్రోలర్లు ఉన్నచోట అయితే ఆ యంత్రం చూసుకునే మనిషి పక్కన లేకుండా అసలు మొదలుపెట్టను.

"మా దగ్గర ఏముంది సామీ, కంప్యూటర్‌లో దూరి బుడ్డలు ఎత్తుకుపోతారా?" అని నవ్వే యజమానులు చాలామంది ఉన్నారు. వాళ్లకు నేను చెప్పే కథ 2021 నాటిది. నా కస్టమర్ కాదు, తెలిసినవాళ్లు, ఊళ్లో పేరున్న పంపిణీ సంస్థ. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే అకౌంటెంట్ ఇంటి నుంచి ట్యాలీ లెక్కలు చూసుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్, అంటే దూరం నుంచి ఆఫీసు కంప్యూటర్ వాడే దారి, తెరిచారు. 3389 పోర్టు. వారం రోజులకని తెరిచింది, ఏడాదిన్నర అలాగే ఉంది. ఒక సోమవారం పొద్దున ఆఫీసు తెరిస్తే ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి, డబ్బు కట్టమని ఇంగ్లీషులో చీటీ. బ్యాకప్ ఉంది కదా అంటే, ఆ హార్డ్ డిస్క్ ఎప్పుడూ అదే కంప్యూటర్‌కు తగిలించే ఉంటుంది. అదీ పోయింది. జీఎస్టీ రిటర్నుల్లో ఎక్కించిన బిల్లుల వివరాలు ఆడిటర్ దగ్గర ఉండబట్టి బతికారు. ఇద్దరు గుమాస్తాలు మూడు నెలలు కూర్చుని మళ్లీ ఎక్కించారు. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు, ఫిర్యాదు ఇవ్వలేదు.

అది జరగకుండా ఉండటానికి కావలసిందల్లా నెలకోసారి బయటి నుంచి ఒక్కసారి చూసుకోవడం. ఆఫీసు వైఫై వదిలేసి, సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్ తగిలించి, ఆఫీసు బయటి ఐపీ అడ్రసును స్కాన్ చేస్తే రెండు నిమిషాల్లో 3389 తెరిచి ఉందని కనపడేది. ఇక్కడ ఒక జాగ్రత్త. స్టాటిక్ ఐపీ, అంటే మారని అడ్రసు, తీసుకోని కనెక్షన్లలో బయటి అడ్రసు ఇవాళ మీది, రేపు ఇంకొకరిది. కొన్నిచోట్ల ఒకే అడ్రసును చాలా ఇళ్లకు కలిపి ఇస్తారు. అది మీదేనని ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల దగ్గర ఖాయం చేసుకున్నాకే చేయాలి. లేకపోతే పక్కవాడి తలుపు తట్టినట్టు అవుతుంది.

పక్కవాడి తలుపు తడితే ఏమవుతుందో మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకు మొదటి రోజే చెప్తాను. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం సొంతదారు అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి, నెట్‌వర్కులోకి వెళ్లడం తప్పు. అది దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తలుపు తట్టాను గానీ లోపలికి పోలేదని తర్వాత కోర్టులో వాదించుకోవచ్చు, కానీ ఆ వాదన దాకా ఎందుకు? ఒక కుర్రాడు టీ కొట్టు పక్కన ఉన్న ఆఫీసు వైఫై పట్టుకుని "చూడన్నా, ఎన్ని ఓపెన్ ఉన్నాయో" అని సంబరంగా చూపించాడు. ల్యాప్‌టాప్ లాక్కుని రెండు రోజులు ఇవ్వలేదు. వాడికి కోపం వచ్చింది. రానీ.

కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు చూడండి. ఏయే సంఘటనలు జరిగితే తమకు చెప్పాలో అందులో పట్టిక ఉంది. పట్టికలో మొట్టమొదటిదే, కీలకమైన నెట్‌వర్కులను గురిపెట్టి స్కాన్ చేయడం. అంటే బయటివాడు చేస్తే అది ఫిర్యాదు చేయాల్సిన విషయం. అదే పని కంపెనీ తన మనిషితో, తన నెట్‌వర్కు మీద చేయించుకుంటే అది బాధ్యత. ఆ ఆదేశాల్లోనే ఇంకొకటి ఉంది: సంఘటన తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి, 180 రోజుల లాగులు, అంటే యంత్రాల్లో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలు, దాచిపెట్టాలి. ఆరు గంటలు! ఎన్ని యంత్రాలున్నాయో లెక్కే లేనివాడు ఏది పోయిందో ఆరు గంటల్లో ఏం చెప్తాడు? ఆ అటక మీది డీవీఆర్ లాగులు ఎవరు దాచారు?

పెద్ద సంస్థలకు ఇది తప్పలేదు. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. అది దూరింది ఫైళ్లు పంచుకునే 445 పోర్టులోంచి. ఆ రంధ్రం పూడ్చే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది. ఎవరి దగ్గర 445 తెరిచి ఉంది, ఎవరికి ప్యాచ్ పడలేదు అన్న జాబితా చేతిలో ఉన్నవాళ్లు ఆ శని, ఆదివారాల్లో పని ముగించుకున్నారు. నా దగ్గర జాబితా లేదు. కంప్యూటర్ కంప్యూటర్‌కూ తిరిగాను, స్కూటర్ మీద, మే నెల కర్నూలు ఎండలో. ఆ వారం రోజుల తిరుగుడే నాకు స్కానర్ నేర్పింది. మూడు చోట్ల విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు దొరికాయి, అప్పటికే మూడేళ్లుగా మైక్రోసాఫ్ట్ వాటిని వదిలేసింది. ఇప్పుడు విండోస్ 10 వంతు వచ్చింది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్టు ఆగింది. మన ఆఫీసుల్లో ఎన్ని ఉన్నాయో చెప్పమంటే మళ్లీ గాల్లోకి చూడటమే.

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు లాక్ అయినప్పుడు రోజుల తరబడి చీటీలు చేత్తో రాశారు. నెట్‌వర్కును సరిగ్గా భాగాలుగా విడదీయకపోవడం వల్ల దూరగలిగారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. మా నర్సింగ్ హోముల్లో కెమెరాలూ, రోగుల బంధువులు వాడే వైఫై, ల్యాబ్ కంప్యూటర్, బిల్లింగ్ అన్నీ ఒకే స్విచ్ మీద వేలాడుతుండేవి. స్కాన్ జాబితా చూపించాక ఒక డాక్టరమ్మ వెంటనే ఒప్పుకుంది, విడదీశాం. చిన్న చోటుకు దానికి కావలసిన మేనేజ్డ్ స్విచ్ ఖర్చు ఒక లారీ టైరంత కూడా కాదు. రెండో నర్సింగ్ హోమ్ ఇంకా ఆలోచిస్తోంది.

స్కానర్ ఉంటే చాలు అని నేను అనడం లేదు. ఆ టైంకు ఆపేసి ఉన్న ల్యాప్‌టాప్ జాబితాలో రాదు. ఈ మధ్య ఫోన్లు వైఫైలో ప్రతిచోటా ఒక కొత్త మ్యాక్ అడ్రసు (యంత్రాన్ని గుర్తుపట్టే నంబరు) చూపిస్తున్నాయి కాబట్టి ఏది ఎవరిదో పట్టుకోవడం తలనొప్పి. వెర్షన్ పాతదని స్కానర్ చెప్పినా లోపల ప్యాచ్ వేసి ఉండొచ్చు. అన్నిటికీ మించి, గుమాస్తా ఈమెయిల్‌లో వచ్చిన "ఇన్వాయిస్" నొక్కితే ఏ స్కానరూ అడ్డుపడదు. తెరిచి ఉన్న ప్రతి తలుపూ తప్పు కాదు కూడా. ప్రింటర్ తలుపు మూసేస్తే బిల్లు ఎలా వస్తుంది?

ఇంకో రోగం ఉంది. లోపాలు వెతికే పెద్ద స్కానర్ ఒకటి నడిపి, ఎరుపు, పసుపు రంగుల్లో వంద పేజీల రిపోర్టు బైండింగ్ చేసి ఇచ్చి, బిల్లు తీసుకుని పోయేవాళ్లు తయారయ్యారు. ఒక ఆఫీసులో ఆ రిపోర్టు కప్పుల కింద మరకలు పడకుండా పెట్టుకున్నారు. మొదటి పేజీలో ఎర్రగా రాసిన టెల్‌నెట్ తలుపు రెండేళ్ల తర్వాత నేను వెళ్లేసరికీ తెరిచే ఉంది. చదివినవాడు లేడు, మూసినవాడు లేడు. స్కాన్ పది నిమిషాల పని. ఆ తర్వాత నిచ్చెన ఎక్కడం, యజమానికి నచ్చజెప్పడం, అకౌంటెంట్‌తో గొడవపడటం, ఇవే నెలలు పట్టేవి. నేను చేసేది మరీ సాదా. ఆదివారం ఆదివారం స్కాన్, దాన్ని పోయిన వారంతో పోల్చి చూడటం. ఎన్‌మ్యాప్‌తోనే ఎన్‌డిఫ్ అని వస్తుంది, తేడాలు మాత్రం చూపిస్తుంది. కొత్తగా చేరినవి ఏవి, కొత్తగా తెరిచిన తలుపులు ఏవి. మామూలు వారాల్లో అరపేజీ కూడా ఉండదు. దాన్ని స్టాకు రిజిస్టరు పక్కన పెట్టి సంతకం పెట్టమంటాను. నూనె మిల్లు యజమాని ఇప్పుడు సోమవారం నేను పంపకపోతే తనే ఫోన్ చేస్తున్నాడు.

మీ జిల్లా పేజీల్లో ఓటీపీ మోసాల గురించి, 1930 నంబర్ గురించి బాగా రాస్తున్నారు. మా అమ్మ కూడా అది చదివే బ్యాంకు పేరుతో వచ్చిన ఫోన్ పెట్టేసింది. అదే చేత్తో చిన్న కంపెనీల గురించి కూడా నాలుగు మాటలు వేయమని నా మనవి. స్కానింగ్ సాఫ్ట్‌వేర్ కనపడితే చాలు "హ్యాకింగ్ పరికరాలు" అని హెడ్డింగ్ పెట్టకుండా, అనుమతి ఉందా లేదా అని ఒక్క మాట అడిగి రాస్తే మాలాంటివాళ్లకు మేలు. జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీ ఉంది, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. పిల్లలతో సొంత ల్యాబ్ నెట్‌వర్కు లెక్క తీయించడం ఒక ప్రాక్టికల్‌గా పెట్టినా చాలు.

అల్లుడుగారి మాట తర్వాత నేను ప్రతి ఆఫీసులోనూ లెటర్‌హెడ్ మీద రాయించుకుంటున్న కాగితం ఇది. చోటు ఉంటే వేయండి, ఈ పని చేసేవాళ్లకు పనికొస్తుంది:

"మా కార్యాలయంలోని కంప్యూటర్ నెట్‌వర్కును, మాకు కేటాయించిన ఇంటర్నెట్ అడ్రసును ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఆదివారాల్లో ఉదయం 6 నుంచి 9 గంటల మధ్య స్కాన్ చేయడానికి ఈ కాగితం తెచ్చిన వ్యక్తికి అనుమతి ఇస్తున్నాము. కాటా, హాజరు మిషన్ మినహా. ఫలితాలు మాకు తప్ప ఎవరికీ ఇవ్వరాదు. ఏదైనా ఆగిపోతే వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయాలి. — యజమాని సంతకం, ముద్ర."

బెంగళూరు అల్లుడుగారు వెళ్లిపోయారు. పెద్దాయన మొన్న కాగితం మీద సంతకం పెట్టి పంపారు. కాటా పక్కన పెన్నుతో "టీవీ కూడా" అని రాశారు. ఎందుకో అడగలేదు.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ మెయింటెనెన్స్ మనిషి,
బుధవారపేట, కర్నూలు